పొట్టి మంచం

మా ముస్తాబు వదిన చెయ్యి పడితే గోదాము కూడా కొత్త కాపురంలా కనిపిస్తుందని మా మేడలో అందరూ అనేవారు. ఆవిడ పనే అది. అమ్మకానికి పెట్టిన ఖాళీ ఫ్లాట్లను, చూసేవాళ్లు వచ్చే లోపల, ఎవరో హాయిగా కాపురం ఉంటున్నట్టు సర్దిపెట్టాలి. ఫ్లాటు అమ్ముడుపోగానే ఆ సామానంతా వ్యానెక్కించి ఇంకో ఫ్లాటుకు పట్టుకెళ్లాలి. పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసేవాళ్లను చూశాను గానీ, ఇళ్లను ముస్తాబు చేసేవాళ్లుంటారని ఆ మేడలోకి అద్దెకు వచ్చేదాకా నాకు తెలియదు. ఆ పేరు పెట్టింది నేనే. మొదట్లో మూతి ముడుచుకుంది. తర్వాత ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే తనే అలా చెప్పుకునేది.

ఆవిడ నాకు చుట్టం కాదు, పక్క గది. వదినా అని పిలవడం మొదలుపెట్టాక చుట్టరికం దానంతటదే వచ్చి కూర్చుంది. నేను మిషను కుడతాను. ఆవిడ సర్దే ఫ్లాట్లకు పరదాలు, దిండు గలీబులు, దుప్పట్లు నేనే కుట్టేదాన్ని. పని ఎక్కువైనప్పుడు వెంట వెళ్లి పరదాలు కట్టి వచ్చేదాన్ని. కాబట్టి ఆవిడ గురించి చెప్పడానికి నాకు కాస్త హక్కుందనే అనుకుంటున్నాను.

ఆ పనిలో కిటుకులు చాలా ఉన్నాయి. పరదాను కిటికీ మీద కాదు, పైకప్పు కింద నుంచి వేలాడదీయాలి, గది ఎత్తుగా కనిపిస్తుంది. అద్దం కిటికీకి ఎదురుగా పెట్టాలి, ఒక కిటికీ రెండవుతుంది. మరక ఉన్నచోట దీపం పెట్టాలి, చూసేవాళ్లకు దీపమే కనిపిస్తుంది. గుమ్మం పక్కన ఒక జత పసిపిల్లల బూట్లు పెట్టేది. ఆ బూట్లు ఏ పిల్లలూ తొడుక్కున్నవి కావు. వదినకు పిల్లలు లేరు.

అన్నిటికంటే పెద్ద కిటుకు పొట్టి మంచం. వడ్రంగికి దగ్గరుండి చెప్పి చేయించుకుంది. చూడ్డానికి మామూలు మంచమే. కానీ పొడవులో, వెడల్పులో, ఎత్తులో అన్నిట్లోనూ కొంచెం కొంచెం కోసేశారు. దాన్ని వేస్తే ఎంత ఇరుకు గదైనా ఇంకా బోలెడు చోటు మిగిలినట్టుంటుంది. దాని మీద మనిషి పడుకోవాలంటే మాత్రం మోకాళ్లు కడుపులోకి ముడుచుకోవాలి.

"ఇది మోసం కాదా వదినా?" అని ఒకసారి అడిగాను.

"ఫొటో దిగేటప్పుడు తల దువ్వుకుంటే మోసమా? దీని మీద ఎవరూ పడుకోరే, చూస్తారంతే" అంది.

నేను లెక్కల మనిషిని కాను. ఈ ఊళ్లో ఇళ్ల సంగతి నాకు గుడ్డ చెప్పింది. మొదట్లో ఒక ఫ్లాటు పరదాలకు ఒక తాను గుడ్డ తెస్తే చాలేది కాదు. పోను పోను తానులో సగం మిగిలిపోవడం మొదలైంది. గదులు చిన్నవయ్యాయి, కిటికీలు చిన్నవయ్యాయి, వంటిల్లు వచ్చి హాల్లో ఒక మూల నిలబడింది. ధరలు మాత్రం కొండెక్కి కూర్చున్నాయి. నా చేతిలో గుడ్డ తగ్గినకొద్దీ ఏజెంటు చెప్పే ధర పెరిగేది. ఒక ఏడాది ధరలు తగ్గుముఖం పట్టాయని పేపర్లో పెద్దగా రాశారు. మా మేడలో అందరం ఆ పేపరు చేతులు మార్చుకుని మరీ చదివాం. తగ్గింది కొనేవాళ్లకట. కొనే ధైర్యం లేనివాళ్లందరూ అద్దె ఇళ్ల మీద పడేసరికి ఆ ఏడాది అద్దెలు ఇంకా పెరిగాయి.

కొనేవాళ్లు కూడా మారారు. పూర్వం వచ్చినవాళ్లు కుళాయిలు తిప్పి చూసేవాళ్లు. పొయ్యి ఎటు పెట్టాలి, పిల్లాడు ఎక్కడ కూర్చుని చదువుకోవాలి అని మొగుడూ పెళ్లాం అక్కడే పోట్లాడుకునేవాళ్లు. "పోట్లాడుకుంటున్నారంటే కొంటారన్నమాటే" అని వదిన నా చెవిలో ఊదేది. తర్వాత్తర్వాత వచ్చినవాళ్లు కుళాయి ముట్టుకోలేదు. ఫోనులో మాట్లాడుతూ వచ్చి, మాట్లాడుతూనే బేరం కుదుర్చుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆ ఫ్లాట్లలో తర్వాత దీపం వెలిగేది కాదు. మా వీధి చివర లేచిన కొత్త టవర్లలో చీకటి పడ్డాక ఎక్కడో ఒక కిటికీ, ఇంకెక్కడో ఒక కిటికీ మాత్రమే వెలుగుతుండేవి.

"అంత పోసి కొని ఉండకపోవడమేమిటి వదినా?"

"అది వాళ్లకి ఇల్లు కాదే. బీరువా. లోపల డబ్బు దాచుకుంటారు, తాళం వేసుకుంటారు. బీరువాలో ఎవరైనా కాపురం ఉంటారా?"

ఈ మాట ఆవిడ నవ్వుతూనే అంది. నాకైతే ఒళ్లు మండింది. మా మేడలో ఒక్కో గదిలో ముగ్గురూ నలుగురూ ఉన్నవాళ్లం. ఊళ్లో ఇళ్లు లేకపోవడమేం, కావలసినన్ని ఉన్నాయి. లోపల మనుషులే లేరు.

ఇక వదిన సొంత గది సంగతి. మూడో అంతస్తులో మెట్లకు ఎదురుగా ఒకటే గది. అందులో వదినా, ఆవిడ అత్తగారూ. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పెద్దమ్మ ఆ గదికి కొత్త కోడలిగా వచ్చింది. ఆ గదిలోనే కొడుకును పెంచింది. ఆ గదిలోనే మెల్లమెల్లగా చూపు పోగొట్టుకుంది. తర్వాత ఆ కొడుకూ పోయాడు. అత్తాకోడళ్లిద్దరే మిగిలారు. ఒకరికొకరు తప్ప దిక్కులేనివాళ్లు, అయినా రోజుకోసారి కీచులాడుకోకపోతే ఇద్దరికీ తోచేది కాదు.

పెద్దమ్మకు చూపు లేదంటే కొత్తవాళ్లు నమ్మేవారు కాదు. మంచం పట్టె పట్టుకుని లేచి, గోడ వెంట చెయ్యి రాసుకుంటూ వస్తే బల్ల మూల. అక్కడి నుంచి చెయ్యి చాపితే పొయ్యిగట్టు. కుడివైపు కుండీలో మొక్క తగిలితే కిటికీ వచ్చినట్టు. టీ తనే పెట్టుకునేది, ఒలకకుండా నా చేతికిచ్చేది. మెట్ల మీద చప్పుడు విని వచ్చేది ఎవరో చెప్పేది. అదే మనిషిని వీధిలోకి తీసుకెళ్తే నా చెయ్యి వదిలి ఒక్క అడుగు వేసేది కాదు. "నా కళ్లు ఈ గోడల్లో ఉన్నాయే అమ్మాయ్, బయటికి వస్తే అక్కడే ఉండిపోతాయి" అనేది.

అందుకే ఆ గదిలో ఒక్క వస్తువు జరిగేది కాదు. ఊళ్లో ఇళ్లన్నిట్లో సామాను అటు లాగి ఇటు తోసి బతికే వదిన, తన గదిలో స్టూలును కూడా వేలెడు జరపలేదు. కిటికీ పక్క గోడ వానాకాలం చెమ్మ పట్టి నల్లగా ఉబ్బేది. మంచం దానికి దూరంగా, ఎదుటి గోడకు ఉండేది. అది అక్కడే ఉండాలి. ఎవరైనా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటే, వాళ్లు వెళ్లగానే వదిన లేచి కుర్చీని యథాస్థానంలో పెట్టేది.

మా ఓనరు పిల్లికి బిచ్చం పెట్టని మనిషే గానీ, అద్దె పెంచడం మర్చిపోయే మంచి జబ్బొకటి ఆయనకుండేది. ఆయన పోయాక కొడుకు వచ్చాడు. మెట్ల మీద నిలబడి అందరికీ వినిపించేలా చెప్పేశాడు.

"చూడండి, ఉన్నమాట చెప్తున్నా. మేడ అమ్మేస్తా. వచ్చే వారం ఒకావిడ చూడ్డానికొస్తోంది. ఆవిడకి నచ్చితే మీరు వేరే చూసుకోవాలి. నచ్చకపోతే ఇక తిరిగే ఓపిక నాకు లేదు. అద్దె కాస్త పెంచుకుని మిమ్మల్నే ఉంచేస్తా."

ఆ సాయంత్రం అందరం నా గదిలో చేరాం. కింది గదిలో ప్లంబరు ఉండేవాడు, హుషారైన మనిషి. "నచ్చకపోతే కదా? నచ్చకుండా చేద్దాం. ఇన్నేళ్లూ రిపేర్లు చేస్తూ పాడు చేయడం కూడా నేర్చుకున్నా లెండి" అన్నాడు. అందరూ వదిన వైపు చూశారు. ఇల్లు నచ్చేలా చేయడం తెలిసినవాళ్లకు నచ్చకుండా చేయడం తెలియదా!

వదిన పాఠం చెప్పినట్టు చెప్పింది. కిటికీలు రెండు రోజుల ముందే బిగించేయండి, మూసిన గది వాసనకు మించింది లేదు. సామాను గోడల దగ్గర ఉంచొద్దు, గది నడుమకు లాగండి, లోపలికొచ్చినవాళ్లకు నిలబడే చోటు ఉండకూడదు. తడి బట్టలు వాళ్ల తలకు తగిలేలా తాళ్ల మీద వేయండి. దీపం ఒక్కటే, అదీ నడినెత్తిన, తెల్లగా వెలిగేది. అందరం పగలబడి నవ్వాం. చాలా రోజుల తర్వాత ఆ మేడలో అంత నవ్వు వినిపించింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇల్లును అలా అవమానం చేస్తారటే" అంది.

"ఇల్లు ఉంటే కదా అత్తయ్యా, మానం అవమానం" అంది వదిన. "మీ కళ్లు కాపాడుకోవాలా వద్దా?"

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున వదిన వేరే ఫ్లాటు సర్దడానికి వెళ్లక తప్పలేదు. వాళ్లు మధ్యాహ్నం వస్తామన్నారు, సాయంత్రమైంది. చిన్న ఓనరు, కొనే ఆవిడ, వెంట ఏజెంటు. ఆ ఏజెంటు నాకు తెలిసినవాడే, వదినకు పని ఇచ్చేది అతనే. ముప్పొద్దులా నవ్వుతూ ఉంటాడు కాబట్టి మేం నవ్వుల ఏజెంటు అనుకునేవాళ్లం. ఆ రోజు అతని నవ్వు కూడా కింది అంతస్తులోనే ఆరిపోయింది. ప్లంబరు కుళాయిలు టపటపమంటున్నాయి. నా గదిలో తడి దుప్పటి కొనే ఆవిడ భుజాన పడింది. ఆవిడ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చిన్న ఓనరు ఏడవలేక నవ్వుతున్నాడు. నాకు లోపల ఆనందం పట్టలేకుండా ఉంది.

"ఇంకేం చూస్తాం, వెళ్దాం" అని ఆవిడ మెట్ల వైపు తిరిగింది. అప్పుడు ఎదురుగా వదిన గది తలుపు తెరుచుకుని ఉంది.

నేను ఆవిడ వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడిపోయాను. కిటికీ బార్లా తెరిచి ఉంది. సాయంత్రం ఎండ తిన్నగా లోపలికొచ్చి ఎదుటి గోడకు ఆనించిన అద్దంలో పడి గదంతా పరుచుకుంది. నేను కుట్టగా మిగిలిన గుడ్డ పైకప్పు నుంచి నేలదాకా పరదాగా దిగింది. మంచం చెమ్మగోడకు జరిగింది, మరక మంచం వెనక దాక్కుంది. మిగిలిన మరక పక్కన చిన్న దీపం. గది నడుమ అంత చోటు ఉందని ఆ మేడలో అన్నేళ్లు ఉన్న నాకే తెలియదు. వదిన ఇంకా చేతిలో తుడిచే గుడ్డతోనే నిలబడి ఉంది. మమ్మల్ని చూసి, నిద్రలోంచి లేచినట్టు, తన చేతిలోని గుడ్డ వంక చూసుకుంది.

పెద్దమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఎవరింటికో వచ్చిన మనిషిలా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"ఏమే, మంచం ఎక్కడికి పోయింది?" అంది, ఎటో చూస్తూ.

కొనే ఆవిడ జేబురుమాలు దించింది. నాలుగు వైపులా చూసింది. "ఈ గది చూశాక తెలిసింది. మిగతా గదులు పాడైనవి కావు, పాడు చేసినవి" అంది మెల్లగా. నవ్వుల ఏజెంటుకు నవ్వు తిరిగొచ్చింది. "మీ చెయ్యేనా ఇది! ముందే చెప్పలేదేం?" అన్నాడు వదినతో. మెట్లు దిగుతున్నప్పుడే బేరం మొదలైంది. అది తెగడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ తర్వాత మేడలో ఎవరూ వదినతో మాట్లాడలేదు. ప్లంబరు ఆవిడ ఎదురైతే గోడవైపు తిరిగి ఉమ్మేవాడు. నేను ఉమ్మలేదు గానీ, తలుపేసుకున్నాను. ఏజెంటు దగ్గర డబ్బు తీసుకుందని ఎవరో అంటే, కాదని వాదించడానికి నా నోరు లేవలేదు. పెద్దమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే, వాళ్లు వెళ్లగానే, ఆవిడ గొంతు గోడ అవతలి నుంచి నాకు వినిపించింది.

"గది బాగుందన్నారా?"

"అన్నారత్తయ్యా."

"నేను చెబుతూనే ఉన్నాను కదే, మంచి గది అని. సరే, మంచం జరుపు. పడుకోవాలి."

మంచం ఈడ్చిన చప్పుడు, వెంటనే వదిన ఏడుపు వినిపించాయి. నేను మిషను తొక్కుతూ కూర్చున్నాను, వినబడకుండా.

గదుల కోసం తిరగడం అంటే ఏమిటో తిరిగినవాళ్లకే తెలుసు. తల ప్రాణం తోకకొచ్చింది. మేం అడిగిన వీధుల్లో మా అద్దెకు మెట్ల కింది చోటు కూడా రాదన్నారు. ఒక్కో స్టేషనూ దాటుకుంటూ దూరం జరిగి, రైలు ఇక వెళ్లని చోట దిగాను. దిగి చూస్తే అదే రైల్లోంచి వదిన దిగుతోంది. కోపం ఉన్నా రైలు ఒకటే అయింది. తిరుగు ప్రయాణంలో ఎదురెదురుగా కూర్చున్నాం. చాలాసేపటికి నేనే అడిగాను.

"ఎందుకు చేశావు వదినా?"

"వస్తూ వస్తూనే వాళ్లు కింద ఉన్నారని తెలిసింది. ఇల్లు చూడ్డానికి మనుషులొస్తున్నారంటే నా చేతులు ఊరుకోవే. కిటికీ ఒక్కటే తీద్దామనుకున్నా, అత్తయ్యకి ఊపిరాడటం లేదని. తీశాక ఎండ వచ్చింది. ఎండ వచ్చాక అద్దం..." అని ఆగింది. కిటికీలోంచి బయటికి చూసింది. "అది కూడా పూర్తిగా నిజం కాదులే. ఊళ్లో ఎన్ని ఇళ్లు బాగున్నాయనిపించానో. మా గదిని ఒక్కసారి, ఒక్కళ్లు, బాగుందనాలనిపించింది. అంటే ఏమవుతుందో తెలుసు. తెలిసే పరదా కట్టాను. ఆ క్షణంలో అత్తయ్య గుర్తు రాలేదు. ఎదురుగానే ఉంది, గుర్తు రాలేదు."

నాకు కోపం పోలేదు. పోకుండానే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతులు గట్టిగా, గరుకుగా ఉన్నాయి.

ఇద్దరం అక్కడే, పక్క పక్క సందుల్లో గదులు తీసుకున్నాం. వదినకు దొరికింది ఒక పొడుగాటి ఇరుకు గది, తలుపు తప్పు వైపున. పాత మంచం మెట్ల మలుపులో ఇరుక్కుంది. నిలబెట్టి చూశారు, పడుకోబెట్టి చూశారు, ఎక్కలేదు. చివరికి వీధిలో వదిలేశారు. లోపలికి పట్టింది పొట్టి మంచమే. వదిన దాన్ని గోడకు వేసి, బల్ల ఆ మూలన పెట్టి, కుండీ కుడివైపు పెట్టి, పాత గదిని ఆ గదిలో కూర్చడానికి పది రోజులపాటు సామాను అటూ ఇటూ లాగింది. ఎంత సర్దినా తలుపు రావలసిన చోట గోడ వచ్చేది.

"ఆ, ఇదిగో బల్ల. దొరికిందే, అంతా అలాగే ఉంది" అని పెద్దమ్మ కోడలి మనసు కోసం అనేది. రెండడుగులు వేసి, చెయ్యి గాల్లో ఆడించి, మళ్లీ వెనక్కి వచ్చి కూర్చునేది. కొన్నాళ్లకు ఆ రెండడుగులు కూడా మానేసింది. నేను వెళ్తే, ఎవరూ, అని అడిగేది. పూర్వం నా అడుగుల చప్పుడుకే నన్ను పోల్చుకున్న మనిషి. టీ నేనే పెట్టి ఇచ్చేదాన్ని. ఆవిడ పొట్టి మంచం మీద, మోకాళ్లు ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. పక్కన స్టూలు వేసి కాళ్లు చాపమని వదిన బతిమాలేది. స్టూలు తగిలి పడతానేమోనని ఆవిడ ఒప్పుకునేది కాదు.

ఏడాది తిరిగాక ఏజెంటు కబురు చేశాడు. మా మేడ బాగు చేశారట. గదులకు రంగులు, కొత్త తలుపులు, మెట్లకు రాళ్లు. మూడో అంతస్తులో మెట్లకు ఎదురు గది ముందుగా అమ్మకానికి పెడుతున్నారు, ముస్తాబు చేయాలి. అతను చెప్పిన ధర వింటే నేను నిలువుగుడ్లేశాను. ఆ ఒక్క గది ధరకు మునుపు మా వీధిలో మేడే వచ్చేది. వద్దని చెప్పమన్నాను. వదిన మాత్రం, "వేరేవాళ్లు చేస్తే మొక్క ఎక్కడ పెడతారో" అంది. పరదాలు పట్టుకుని నేనూ వెళ్లాను.

తలుపు తీయగానే ఇద్దరం చెయ్యి అలవాటుగా పాత స్విచ్చు ఉన్నచోటికి చాపాం. అక్కడ నున్నటి గోడ. చెమ్మగోడ తెల్లగా మెరిసిపోతోంది. వదిన దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది. "పైపైన రంగే. లోపల అలాగే ఉంది" అంది. పొట్టి మంచం ఇంట్లో ఉంది కాబట్టి ఆ రోజు ఏజెంటు అసలు మంచం ఒకటి పంపించాడు. గది ఉన్నంతే కనిపించింది.

చూడ్డానికి వచ్చింది ఒక కుర్ర జంట. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. కుళాయి తిప్పి చూశారు. కిటికీ తీసి వేసి చూశారు. వాళ్లను చూడగానే నాకు పాత రోజులు గుర్తొచ్చాయి. మంచం దగ్గర పోట్లాట కూడా మొదలైంది. వెలుగుంటుంది, కిటికీ పక్క గోడకే వేద్దామని ఆ పిల్ల. వద్దని ఆ అబ్బాయి.

"మీరు చెప్పండి ఆంటీ, ఎటు వేస్తే బాగుంటుంది?" అంది ఆ పిల్ల వదినతో.

ఏజెంటు నవ్వుతూ వదిన వైపు చూశాడు. ఇలాంటప్పుడు ఏం చెప్పాలో ఆవిడకు కొట్టిన పిండే. వదిన దీపం తీసి పక్కన పెట్టింది.

"ఆ గోడకి వద్దమ్మా. వానాకాలం నల్లగా ఉబ్బుతుంది. ఎంత రంగేసినా వస్తుంది. పసిబిడ్డకి మంచిది కాదు. మంచం ఇటు, ఈ గోడకి వేసుకోండి. చీకట్లో లేచినా చేత్తో గోడ తడుముకుంటూ వస్తే బల్ల, బల్ల నుంచి పొయ్యి. దేనికీ కొట్టుకోకుండా తిరగొచ్చు" అంది.

ఏజెంటు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ అబ్బాయి గోడ తట్టి చూశాడు. ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్లి గుసగుసలాడుకున్నారు. "మీకెలా తెలుసు?" అని ఆ పిల్ల అడిగింది.

"ఉన్నాను కదా ఇక్కడ" అంది వదిన.

వాళ్లు ఆ గది కొన్నారు. చెమ్మ సంగతి తెలిసే, ఆ ధరకే కొన్నారు. పుచ్చుకునే అప్పు తీరేసరికి ఆ పుట్టబోయే బిడ్డకు పెళ్లీడు వస్తుందని ఆ అబ్బాయి నవ్వుతూ అన్నాడు. ఇంతకంటే తక్కువలో ఊళ్లో ఇంకేమీ లేదట. బేరం చెడకపోయినా ఏజెంటు వదినను ఇక రావద్దన్నాడు. పరదాలు అక్కడే వదిలేసి వచ్చాం. మొక్క మాత్రం వదిన కిటికీకి కుడివైపు పెట్టింది.

మేం రైలు దిగి ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. పెద్దమ్మ పొట్టి మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. తలుపు చప్పుడుకు తల తిప్పింది.

"వెళ్లొచ్చావా? మన గది ఎలా ఉందే?"

"బాగుందత్తయ్యా. రంగులేశారు. ఎవరో చిన్నపిల్లలు కొనుక్కున్నారు, మొగుడూ పెళ్లాం. బిడ్డ పుట్టబోతోంది."

"మంచం ఎటు వేసుకుంటారట?"

"మీ చోటే వేసుకోమని చెప్పొచ్చాను."

పెద్దమ్మ దుప్పటి కింద మోకాళ్లు ఇంకొంచెం దగ్గరకు లాక్కుంది.

"మంచి పని చేశావు. వాళ్లైనా కాళ్లు చాపుకుని పడుకుంటారు" అంది.